చిన్నాన్న చిటికెన వేలు

నా చిన్నప్పుడు మా అమీర్‌పేట ఇంట్లో రక్తం చూడని ఆదివారం ఉండేది కాదు. మా అన్నయ్య, పై వాటాలో అద్దెకున్న అబ్బాయి ఉప్పూ నిప్పూగా ఉండేవాళ్లు. క్రికెట్ బ్యాటు దగ్గర మొదలైన గొడవ మెట్ల మీద తన్నులాటగా మారి, ఒకడి ముక్కో ఇంకొకడి పెదవో పగిలితే గానీ చల్లారేది కాదు. అమ్మ అరిచి అరిచి విసిగిపోయింది.

మా చిన్నాన్న నేవీలో చేసి వచ్చాడు. కుర్రతనంలో తెరచాపల శిక్షణ ఓడ మీద పని నేర్చుకున్నవాడు. వేసవి సెలవుల్లో హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పేవాడు. ఆయన ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. అడిగితే చేప కొరికిందనేవాడు. మేం నమ్మేవాళ్లం.

ఆ వేసవిలో అన్నయ్యనీ, పై వాటా అబ్బాయినీ ఒకే పడవలో వేశాడు. నీళ్లు తోడిపోయడానికి నన్ను ఎక్కించాడు. ఓడలో ఎలాగో ఇక్కడా అలాగే అన్నాడు. పొద్దున్నే పడవ కడగాలి, తాళ్లు చుట్టలు చుట్టి పెట్టాలి, ముగ్గురం ఒకే గిన్నెలో ఉప్మా తినాలి. ఒకరు చుక్కాని పడితే మరొకరు తెరచాప తాడు పట్టాలి, మధ్యలో మార్చుకోవాలి. ఆ మార్చుకునేటప్పుడే మోచేతులు కడుపుల్లో దిగేవి. చిన్నాన్న ఒడ్డు నుంచి అంతా చూస్తూ కూడా వాళ్లను విడదీసేవాడు కాదు. నాకు ఆయన మీద ఒళ్లు మండేది.

ఓ సాయంత్రం గాలిదుమారం లేచింది. తాడు ఇవ్వాల్సిన వంతు అన్నయ్యది. ఇవ్వకపోగా, అవతలివాడు లాక్కుంటాడేమోనని అరచేతికి గట్టిగా చుట్టుకున్నాడు. పెద్ద గాలి కొడితే తాడు వదిలెయ్యాలని, అప్పుడే పడవ నిలబడుతుందని మాకు మొదటి రోజే నేర్పారు.

"గట్ల చుట్టకురా, ఇడువు, మునుగుతం," అన్నాడు పై వాటా అబ్బాయి. అన్నయ్య ఇంకాస్త బిగించాడు. పడవ ఒరిగి బోర్లా పడింది.

నేను తేలాను, ఆ అబ్బాయి తేలాడు. అన్నయ్యను మాత్రం తాడు తెరచాప కిందికి ఈడ్చేసింది. ఆ అబ్బాయి మళ్లీ మునిగాడు. పడవ అంచు పట్టుకుని నేనూ తల ముంచి చూశాను. అతను అన్నయ్య పిడికిలి విప్పుతున్నాడు. తాడు లాక్కుంటున్నాడనుకున్నాడో, ప్రాణభయమో, అన్నయ్య రెండో చేత్తో అతని మొహం మీద గుద్దుతూనే ఉన్నాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. అతను ఒక్కసారి కూడా తిరిగి కొట్టలేదు. వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు.

చిన్నాన్న ఇంకో పడవలో వచ్చి మమ్మల్ని ఎక్కించాడు. అన్నయ్య అరచేతిని తాడు ఎముక కనిపించేలా కోసేసింది. ఆ అబ్బాయి ముందు పన్ను ఊడింది. కట్టు కట్టి, చిన్నాన్న తన ఎడమ చెయ్యి మా ముందు చాపాడు. అప్పుడు చెప్పాడు నిజం. శిక్షణ ఓడలో తనూ ఇలాగే, పడనివాడికి ఇవ్వకూడదని తాడు చేతికి చుట్టుకున్నాడట. ఆ తాడే చిటికెన వేలు తెంపుకుపోయిందట.

"నా పిడికిలి విప్పడానికి ఎవరూ రాలేదురా," అన్నాడు. "అందుకే మిమ్మల్ని కలిపి వేశాను. తప్పు చేశానేమో."

ఆ తర్వాత వాళ్లు ప్రాణస్నేహితులయ్యారని చెప్పను. కొట్టుకోవడం మాత్రం ఆగింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. పంజాగుట్ట చౌరస్తాలో బండికి బండి తగిలి ఎవరైనా మీదికొస్తే, ఈ వయసులోనూ నా చెయ్యి బిగుసుకుంటుంది. అప్పుడు వేళ్లు ఒక్కొక్కటే విప్పుకుంటాను. చిటికెన వేలితో మొదలుపెడతాను.