ఎతెల్కా అత్త చుట్టిన స్ఫటికం

మా ఎతెల్కా అత్తకి కోపమొస్తే బుడాపెస్టు మొత్తం వినాల్సిందే. నలభై ఏళ్ళు మిఠాయి కార్ఖానాలో పనిచేసింది. క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే మిఠాయిలకి తళతళలాడే కాగితాలు చుట్టడమే పని. రిటైరయ్యాక మా ప్రయోగశాలలో ఊడ్చే పనికి కుదిరింది.

ఎక్కడో దూరాన నక్షత్రం కూలిపోతే కొన్ని సెకన్లపాటు గామా కిరణాలు గుప్పుమంటాయి. గాలి వాటిని కిందికి రానివ్వదు, పైకెళ్ళి పట్టుకోవాల్సిందే. మా చిన్న ఉపగ్రహంలో అరచేయంత స్ఫటికం ఉంది. కిరణం తగిలితే మినుక్కుమంటుంది, ఆ మినుకుల్ని లెక్కపెడతాం. బయటి వెలుతురు సూదిమొనంత దూరినా లెక్క గల్లంతే. అది దూరకుండా స్ఫటికానికి మెరుపు రేకు మూడుసార్లు చుట్టాం, మూడుసార్లూ వెలుతురు దూరింది. శుక్రవారానికి స్ఫటికం బిగించిన పెట్టె పంపకపోతే రాకెట్టులో మా చోటు వేరేవాళ్ళకి పోతుంది. నా ఆరేళ్ళ కష్టం! సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ బల్ల దగ్గరే భోరున ఏడ్చేశాను.

"ఏమే బోర్కా, ముక్కు చీదింది చాల్లే. ఏదీ, ఇలా ఇవ్వు," అంది అత్త, చీపురు గోడకి ఆనించి.

నాతో పనిచేసే వెండెల్ అడ్డం పడ్డాడు. "అత్తా, అది మిఠాయి కాదు!"

"తెలుసులేవోయ్. మిఠాయైతే నువ్వీపాటికి మింగేసుండేవాడివి."

చేతులకి తొడుగులు వేసుకుని, కళ్ళు మూసుకుని తడిమింది. మా ఇళ్ళలో పిల్లలు చెట్టు మీది మిఠాయి తినేసి, కాగితం మళ్ళీ ఉబ్బించి ఏమీ ఎరగనట్టు వదిలేస్తారు. ఏది ఖాళీయో అత్త ముట్టుకుని చెప్పేస్తుంది.

"ఈ మూల డొల్ల. లోపల గాలుంది, అందుకే మడత లేస్తోంది."

విప్పి చూస్తే అక్షరాలా అంతే. కొత్త రేకు తీసుకుని, బొటనవేలితో గాలంతా వెళ్ళగొడుతూ, తిట్టుకుంటూ చుట్టింది. దీపం కింద పెట్టి చూశాం. చుక్క వెలుతురు కూడా దూరలేదు. పెట్టె శుక్రవారమే వెళ్ళింది.

ఉపగ్రహం పైకెళ్ళిన ఇరవయ్యో రోజున తొలి పేలుడు చిక్కింది. మినుకుల లెక్క చూపే గీత నిట్టనిలువుగా లేచి తొమ్మిది సెకన్లలో దిగిపోయింది. దాని గురించి రాసిన వ్యాసంలో మా పేర్ల పక్కనే అత్త పేరూ వేయించి తీసుకెళ్ళి ఇచ్చాను.

"చుట్టేదాని పేరు ఎవరు చదువుతారే?" అని కసిరింది గానీ, కాగితం చేతిలోంచి వదల్లేదు.

"నీ చలవే అత్తా ఇదంతా. నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో."

అత్త మెల్లిగా అడిగింది: "నలభై ఏళ్ళు నేను చుట్టినవన్నీ జనం చింపి పారేశారే. ఇదొక్కటీ ఎవరూ విప్పరు కదా?"

"విప్పరత్తా," అని ఆవిడ రెండు చేతులూ ముద్దు పెట్టుకున్నాను.