ఆపమంటే ఆగాల

మా మేనత్త పోయిందన్న కబురు నాకు వేంపల్లె బస్టాండులో తెలిసింది. కడప ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే గుండె ఆగిందట. పంచడానికి తెచ్చిన కరపత్రాలు బెంచీ మీదే వదిలేసి పరిగెత్తాను. కాళ్లు ఇంటికి పోలేదు, ఆమె దుకాణం ముందు ఆగాయి. పగటిపూట ఆ షట్టరు మూసి ఉండగా చూడడం నాకు అదే మొదలు.

ఆమె మోటార్లకు తీగ చుట్టేది. ఎర్రగుంట్ల దారిలో మూతబడిన రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీని ఒకాయన ఆటస్థలం చేశాక, మిక్సీల పక్కన ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు కూడా ఆమె బల్ల మీదికి వచ్చాయి. బ్యాటరీతో నడిచే ఆట తుపాకులవి. శనగగింజంత ప్లాస్టిక్ గుండ్లు పేలుస్తాయి. కళ్లద్దాలు లేకుండా తగిలితే కన్ను పోతుంది. అందుకే దగ్గరున్నవాళ్ల మీద ఒక్కో గుండే పేల్చాలని ఆటలో కట్టుబాటు.

అవి చూసి నాకు ఒళ్లు మండింది. ఆయుధాలు లేని లోకం గురించి దొరికిన ప్రతి చిన్న పుస్తకమూ చదివినవాణ్ని.

"ఈ సీమలో పోయిన పానాలు చాలవా అత్తా? ఆటని పేరు పెట్టి మళ్లీ తుపాకులు నేర్పిస్తాండారు, నువ్వేమో బాగుచేసి ఇస్తాండావు!" అని బజారంతా వినేటట్టు అరిచాను.

ఆమె తలెత్తలేదు. "అరిచింది చాలుగానీ, ఆ స్క్రూడ్రైవరు ఇట్లియ్యి. నేను మానుకుంటే వాళ్లు ఆట మానుకుంటారా? చెడిపోయిన దాంతోనే ఆడుకుంటారు. ఆపమంటే ఆగాలరా ఏదైనా. నా పని అంతే." కాసేపటికి నవ్వింది. "నిన్ను ఆపే మీట యాడుందో మాత్రం దొరకడంల్యా."

ఏ తుపాకీ వచ్చినా ముందు దాని నోరు గోడవారనున్న ఇసుక సంచి వైపు తిప్పేది. గుండ్ల డబ్బా ఊడదీసి, లోపల మిగిలినది సంచిలోకి పేల్చి, ఆ తరువాతే బ్యాటరీ తీసేది. ఖాళీదే కదా అని ఎవరైనా దాన్ని మనిషి వైపు తిప్పితే ఆ పూట వాళ్లకు టీ లేదు.

నొక్కితే చప్పుడే రాకపోతే బ్యాటరీ, ఫ్యూజు, తీగలు చూసేది. ఒకసారి పలికి ఒకసారి పలకకపోతే ట్రిగ్గరు వెనక రాగిరేకులు మసిబారాయనేది. ఒక్కటి పేలాల్సిన చోట వరసగా పేలితే, గుండు గుండుకూ కరెంటు తెంచే చిన్న మీట అరిగిందో, ఇరుక్కుందో చూసేది. ఎక్కువగా ఇరుక్కునేదే. ఏది బిగుసుకున్నా నూనె పోయడం మావాళ్ల అలవాటు. ఆ రాతిదుమ్ములో ఆడి, ట్రిగ్గరులోకి కొబ్బరినూనె పోసుకొచ్చేవాళ్లు. రెండూ కలిసి లోపల ముద్దయ్యేది.

"తలంటిచ్చినావా ఏమప్పా దీనికి? సీకాయ పెట్టడం మర్చిపోయినట్టుండావే!" అనేది.

దినాలయిన మరునాడు నేనే షట్టరు ఎత్తాను. ఆటస్థలం ఆసామి వెనకాలే వచ్చాడు. ఆయన తుపాకీ ఒకటి బల్ల మీద సగం విప్పి ఉంది. పక్కనున్న స్విచ్చి 'ఒక్కో గుండు' గుర్తు దగ్గర పెట్టినా, ఒక్కోసారి వేలు తీశాక కూడా పేలుతూనే ఉందని అత్త దాన్ని ఇవ్వలేదు.

"బిగిచ్చి ఇచ్చెయ్ అప్పా. రేపు కాలేజీ పిల్లోళ్లు వస్తాండారు. ఎప్పుడో ఒకసారి కదా అట్లయ్యేది."

"ఆ ఒకసారి ఎవరి కంటి ముందర, అన్నా?"

"అబ్బో! ఇవి బాగుచేయొద్దని మీ అత్తతో కొట్లాడినోడివి నువ్వే కదా? ఇప్పుడేమో బాగయ్యేదాకా ఇయ్యనంటాండావే!"

కోపం నషాళానికి అంటింది. పొమ్మనబోయాను. పోతే అది అట్లాగే ఆటలోకి పోతుంది.

"కూర్చో అన్నా," అన్నాను.

తుపాకులంటే నాకు ఇప్పటికీ పడదు. అయినా ఆమె పక్కన నిలబడి వాదించినన్ని రోజులూ నా కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయని, ఆ ముద్దను పెట్రోలు బ్రష్షుతో తుడుస్తుంటే తెలిసింది. కరెంటు తెంచే మీట అరగలేదు. ముద్ద పోగానే, దాని స్ప్రింగు దాన్ని టక్కున వెనక్కి లాగింది.

అన్నీ బిగించి, నోరు ఇసుక సంచి వైపు తిప్పి, గుండ్ల డబ్బా, బ్యాటరీ తగిలించాను. స్విచ్చి 'ఒక్కో గుండు' గుర్తు దగ్గర పెట్టి ట్రిగ్గరు నొక్కాను. ఒక్క గుండు పేలింది. వేలు తీశాను. మళ్లీ నొక్కాను, తీశాను. ఎన్నిమార్లు నొక్కినా ఒక్కొక్కటే.

ఆమె పేల్చిన పాత చిల్లుల పక్కన, కొత్త చిల్లుల్లోంచి ఇసుక సన్నగా జారుతోంది. అది మాత్రం ఎంతసేపటికీ ఆగలేదు.