షేకుల విమానం, తమ్ముడి గుండు

ఎనభైల్లో నేను తిరుపతిలో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో టికెట్లు రాసేదాన్ని. రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఒక లాడ్జి ఉండేది. దాని మేడ మీద ఒక్క గదిలో మా ఆఫీసు. కింద కొండకు వచ్చినవాళ్ళకు గదులు, పైన గల్ఫుకు పోయేవాళ్ళకు టికెట్లు. మెట్లు ఒకటే కావడంతో గది కావాలని పైకొచ్చి నాతో బేరమాడినవాళ్ళూ ఉన్నారు.

మేము ముఖ్యంగా రెండు విమానాలకు టికెట్లు అమ్మేవాళ్ళం. ఒకటి మన దేశపు సర్కారుది. రెండోది గల్ఫులో ఒక షేకు సర్కారుది. దాని అసలు పేరు ఎవరి నోరూ తిరగక అందరూ షేకుల విమానం అనేవాళ్ళు. మన విమానం ఏ ధర పెట్టినా షేకుల విమానం దానికంటే ఒక మెట్టు కింద పెట్టేది. సామాను పది కిలోలు ఎక్కువ ఒప్పుకునేది. పైగా భుజానికి తగిలించుకునే నీలం సంచి ఒకటి ఊరికే ఇచ్చేది. ఆ సంచితో పల్లెలో రెండు వీధులు తిరిగితే చాలు, పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

మన విమానం తరఫున మద్రాసు నుంచి నెలకోసారి ఒకాయన బస్సులో వచ్చేవాడు. చెమటకు వీపుకంటుకుపోయిన సఫారీ సూటు, చంకలో చుట్టచుట్టిన క్యాలెండర్లు. పుత్తూరు పక్క పల్లెటూరి మనిషి. నా నోరు ఊరుకునే రకం కాదు. ఒకసారి ఆయన కాఫీ తాగుతుంటే అనేశాను.

"మీ ఇమానం కంటే కొండమింద ధర్మదర్శనం క్యూనే బిరబిరా కదలతాది సార్."

ఆయన కోప్పడలేదు. "ఏం సేద్దామమ్మా. వాళ్ళదీ సర్కారే, మాదీ సర్కారే. ఆ సర్కారు ఎనక నూనె బావులుండాయి, మా సర్కారు ఎనక ఫైళ్ళుండాయి" అని కాఫీ ముగించి, క్యాలెండరు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాటకు నవ్వాను కానీ టికెట్లు మాత్రం షేకుల విమానానికే రాశాను.

అలాంటి రోజుల్లో మా తమ్ముడికి వీసా వచ్చింది. మాది ఐరాల దగ్గర పల్లె. బావి ఎండిపోయి, నాయన చెరకు వేయడం మానేసి అప్పటికి మూడేళ్ళు. తమ్ముడు లారీ తోలేవాడు. రెండుసార్లు వీసా చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారైనా వస్తే వాడి తలనీలాలు ఇస్తానని నేను ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. నా జుట్టు కాదు, వాడిది. మొక్కేది ఒకరు, గుండు ఇంకొకరికి. మా ఇళ్ళల్లో ఇది మామూలే. ఆ గుండుగలవాణ్ణి ఒక మాట అడగాలని ఎవరికీ తోచదు.

అంతకుముందు వాడి పాస్‌పోర్టు అర్జీ కూడా నేనే నింపాను. ఒంటి మీద గుర్తులు రాయమన్న చోట కలం ఆగిపోయింది. ముఖాన ఒక్క మచ్చ లేదు వాడికి. ఎడమ చెవి పైన మాత్రం, జుట్టులో దాగిన గాటు ఒకటుంది. అది నా చేతి చలవే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వాడికి అయిదేళ్ళు, నా పలక పగలగొట్టాడని ఆ పలక చట్రంతోనే వాడి తల మీద ఒకటిచ్చాను. నెత్తురోడుతున్న పిల్లవాణ్ణి భుజాన వేసుకుని నాయన ఆసుపత్రికి పరిగెత్తాడు. అప్పటినుంచి ఇంట్లో ఏ చిన్న తగువొచ్చినా "పిల్లోని తల పగలగొట్టిన సెయ్యి గదా అది" అని నాయన దెప్పేవాడు. ఇరవై ఏళ్ళు దెప్పాడు. నాకూ ఆ గాటు తలుచుకుంటే సిగ్గుగానే ఉండేది. అయినా వేరే గుర్తు లేక అదే రాశాను.

వీసా గడువు శుక్రవారం దాకానే. బుధవారం మన విమానం ఉంది, గురువారం షేకుల విమానం. ఆ తర్వాత గడువులోపల ఇంకేదీ లేదు.

"మన ఇమానమే రాయి మ్మా. మనోళ్ళయితే గొంతెండితే నీళ్ళన్నా అడగొచ్చు" అన్నాడు నాయన.

"నీళ్ళేంది నాయనా, షేకులోళ్ళు కోడికూర పెడతారు. సంచి గూడా ఇస్తారు" అని గురువారానికే రాశాను. మొక్కు తీర్చడానికి ఒక రోజు మిగులుతుందని లోపల లెక్క.

బుధవారం తమ్ముణ్ణి కొండకు తీసుకుపోయాను. కల్యాణకట్టలో ఉంగరాల జుట్టు పోయింది, గుబురు మీసం పోయింది. గుండుకు గంధం పూసుకుని దర్శనం చేసుకుని దిగి వచ్చాం. తిరుపతిలో గుండు ఒక విశేషం కాదు. బస్సులో పక్కన గుండు, హోటల్లో ఎదుట గుండు, మా ఆఫీసు మెట్ల మీద ఎప్పుడూ నాలుగు గుండ్లు. పాస్‌పోర్టులో పేరుకు ఒక్క అక్షరం తేడా వస్తే పట్టుకుని వెనక్కి పంపే నేను, ఆ పాస్‌పోర్టులో మీసం మెలేసి కూర్చున్న మా తమ్ముడి ఫోటో సంగతే తలచలేదు. మా ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

గురువారం పొద్దున నాయన, నేను, తమ్ముడు మద్రాసు విమానాశ్రయానికి చేరాం. వాడు ట్రంకుపెట్టె తీసుకుని లోపలికి పోయాడు. మేము బయట కమ్మీల దగ్గర నిలబడ్డాం. అరగంటకు వాడు అదే పెట్టె మోసుకుంటూ బయటికి వచ్చాడు.

"అక్కా, ఫోటోలో ఉండేది నేను గాదంట."

కౌంటరులోని తమిళ పిల్లకు సంగతి అర్థమైందట. కానీ వాళ్ళ మేనేజరు విదేశం నుంచి కొత్తగా దిగినవాడు. ఈ ముఖాన్ని అక్కడివాళ్ళు దింపుకోకపోతే మళ్ళీ తామే వెనక్కి మోసుకురావాలని, జుట్టు పెరిగాక రమ్మన్నాడట. జుట్టు పెరిగేసరికి వీసా ఉండదు. నాయన నా వైపు ఒకసారి చూసి, వాడి చేతిలో పెట్టె అందుకున్నాడు. తిట్టినా బాగుండేది. నా మొక్కు, నా టికెట్టు, నా పెంకితనం మూడూ కలిసి వాడి నోటికాడ కూడు లాగేశాయని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడు కనిపించింది ఆ సఫారీ సూటు. నిన్న పోయిన మన విమానం తాలూకు కాగితాల కట్ట పట్టుకుని వాకిట్లోకి వస్తున్నాడు. ఏ ముఖంతో అడగను? అయినా పరుగెత్తి దారికి అడ్డం నిలబడి అంతా చెప్పాను. ఆయన విని తమ్ముడి గుండు చూసి నవ్వాడు.

"గుండు లేకుండా మా ఇమానం ఏ పొద్దు ఎగిరిందమ్మా! యాడ, పాస్‌పోర్టు ఇట్లియ్యి."

ఫోటో వైపు చూడనేలేదు. గుర్తులు రాసిన పేజీ తీసి చదివాడు. "ఎడమ సెవి పైన గాటు. ఏదీ, తల వంచప్పా" అన్నాడు. తమ్ముడు తల వంచాడు. నున్నటి గుండు మీద, గంధం చారల మధ్య, నేను కొట్టిన దెబ్బ తెల్లగా కనిపించింది. జుట్టుంటే అది ఎవరికీ కనబడేది కాదు.

తన పాసు చూపించి నన్నూ తమ్ముణ్ణీ లోపలికి తీసుకుపోయాడు. షేకుల విమానం మేనేజరుతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. ఆ దొర కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి పేజీ చూశాడు, ఒకసారి తల చూశాడు, ఆఖరికి వేలితో ఆ గాటు తడిమాడు. తడిమి తల ఊపాడు. మా సఫారీ సూటాయన అంతటితో ఆగలేదు. దిగిన చోట అడిగితే చూపించమని, ఈ మనిషి తిరుమలలో తల ఇచ్చాడని తన కంపెనీ కాగితం మీద రాసి, ముద్ర వేసి తమ్ముడి జేబులో పెట్టాడు.

బయటికి వస్తూ అడిగాను. "వాళ్ళు మీకు పోటీ గదా సార్?"

"పోటీ టికెట్టు అమ్మేదాకానే మ్మా. అమ్మినాక వాడు పాసింజరు. మనూరోడు" అన్నాడు. నేను సిగ్గుతో తల వంచుకుని, ఆ క్యూ మాటకు క్షమించమన్నాను. అది నిజమే కదమ్మా అని ఆయన మళ్ళీ నవ్వాడు.

విమానం లేచింది. నాయన చెయ్యి అడ్డం పెట్టుకుని అది చుక్కయ్యేదాకా చూశాడు. తమ్ముడు దిగిన చోట ఏమవుతుందోనన్న దిగులు మాత్రం మాతోపాటే బస్సెక్కి వచ్చింది. మర్నాడు ఆఫీసులో చేతులు ఊరుకోక ఒక అట్టముక్క మీద "ప్రయాణికులు గుండు మొక్కులు తిరిగి వచ్చిన తరువాతనే తీర్చుకొనవలెను" అని పెద్దక్షరాలతో రాసి గోడకు కొట్టాను. ఆ మధ్యాహ్నం వచ్చిన ముసలాయన ఏ విమానం మంచిదని అడిగితే, మొదటిసారి రెండింటి సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మన విమానమే రాయమన్నాడు.

సోమవారం టెలిగ్రాం వచ్చింది. క్షేమంగా చేరాడు, పనిలో చేరాడు. సెలవు కూడా అడగకుండా ఐరాల బస్సెక్కాను. నాయన పెరట్లో గొడ్డుకు మేత వేస్తున్నాడు. చదివి వినిపిస్తే మళ్ళీ చదవమన్నాడు. రెండోసారి విన్నాక మేత మోపు పక్కనే కూలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పుత్తూరాయనకు బెల్లం పంపాలన్నాడు. తర్వాత, ఇరవై ఏళ్ళు దెప్పిన నా కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పొద్దు పలకతో గట్టిగానే కొట్టినావు మ్మా. మంచి పని జేసినావు."