యజమాని చెయ్యి

"పన్నెండు తలల ఎద్దు నీకెందుకు టీచరమ్మా? దానికి వెయ్యడానికి మీ ఊళ్ళో మేతేదీ?"

సబిర్‌కుల్ ఆ మాటంటూ అద్దాల బీరువాలోని పాత సర్వర్ ప్రాసెసర్‌ని గడ్డంతో చూపించాడు. చేత్తో చూపించలేదు. జీదెగుల్ అది అప్పుడు పట్టించుకోలేదు.

"చవకగా వస్తోంది కదా ఉస్తా," అంది. "పన్నెండు కోర్లు ఈ ధరకి ఇంకెక్కడా దొరకవన్నారు, అవతలి వరసలో."

"చవకే. ఎక్కడో చల్లటి గదుల్లో పదేళ్ళు గానుగెద్దులా తిరిగింది. ముసలిదైందని ఊడబీకి తూకానికి అమ్మేస్తే ఇక్కడ తేలింది. బలం లేదనను. కానీ కళ్ళు లేవు. తెర మీద బొమ్మ పడాలంటే దానికి వేరే కార్డు కొనాలి. ఆ గుడ్డిదీ, దాని చేతికర్రా కలిసి కరెంటు తాగుతుంటే మీ ఊళ్ళో బల్బులు ఎర్రబడవూ?"

"అవి ఇప్పుడే ఎర్రబడుతున్నాయి."

"మరింకేం! నాలుగు తలల చిన్నది తీసుకో. కొత్తది, కళ్ళున్నది, తిండి తక్కువ. పాఠాలు వినడానికి అది చాలు, మిగులు కూడా."

జీదెగుల్ అలాయ్ కొండల్లోని కోక్-బులాక్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి ఓష్ పట్నం బజారుకి వచ్చింది. వాళ్ళ బడిలో లెక్కల మాస్టారు వేసవిలో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. కొత్తవాళ్ళు ఆ ఊరి పేరు వింటేనే రామంటున్నారు. ఓష్‌లో ఒక పెద్దావిడ నెట్‌లో రోజూ పాఠం చెప్పడానికి ఒప్పుకుంది. అందుకు ఓ మంచి కంప్యూటరు కావాలి. ఇది అక్టోబరు చివరి వారం. కనుమ మీద రెండుసార్లు మంచు పడింది. ఊరి జీపు నాలుగు గంటలకి తిరిగి బయల్దేరుతుంది. కంప్యూటరు అందులో వెళ్ళకపోతే మళ్ళీ దారి తెరుచుకునేది మార్చిలోనే. పై తరగతిలో ఉన్న ఏడుగురూ వసంతంలో పరీక్ష రాయాలి.

ఇదంతా విన్నాకే సబిర్‌కుల్ ఆమెని కూర్చోమన్నాడు. ఓడల మీద సరుకొచ్చే ఇనప పెట్టెల్లో కొట్లు పెట్టుకున్న ఆ వరసలో అందరికంటే ముందు కొట్టు తెరిచింది ఆయనే. అరవై దాటిన మనిషి. వరసంతా ఆయన్ని ఉస్తా, అంటే పనిలో గురువు, అనే పిలుస్తారు. ఎవరైనా ఎదురైతే కరచాలనానికి చెయ్యి చాపడు, కుడి అరచెయ్యి గుండెకి ఆనించి తల వంచుతాడు. పాతకాలం మర్యాద అని అందరూ మెచ్చుకుంటారు. టీ గిన్నెలో సగమే పోయించుకుంటాడు. అదీ మర్యాదే. అక్కడ గిన్నె నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమన్నట్టు.

"మదర్‌బోర్డు దగ్గరే జనం బోర్లా పడతారు," అన్నాడాయన. "బోర్డూ ప్రాసెసరూ అంటే సంబంధం కలపడమే. పిన్నులు, అదే కాళ్ళ లెక్క కలిసిందని పెళ్ళి చేసెయ్యకూడదు. పాతవాటిలో చూశాగా, అవే పదకొండు వందల యాభై ఒక్క కాళ్ళు, అదే గుంట. చక్కగా వెళ్ళి కూర్చుంటుంది. నోరు మాత్రం విప్పదు. తరం వేరు."

"మా వదిన కోడలూ అంతే ఉస్తా!" పక్క కొట్లోంచి మామత్‌జాన్ అరిచాడు. ఛార్జర్లమ్ముకునే ఆ ఉజ్బెక్ మనిషి చెవులు ఎప్పుడూ ఈ కొట్లోనే ఉంటాయి. "వచ్చి కూర్చుంటుంది, పలకదు!"

"మీ వదిన సందు ఇస్తే కదా పలకడానికి!" అన్నాడు సబిర్‌కుల్.

అవతలి కొట్లలోంచి కూడా నవ్వులు వినిపించాయి. ఆయన మాత్రం నవ్వలేదు. బోర్డు పెట్టె అడుగు అరలో ఉందని చెప్పి జీదెగుల్ చేతే తీయించాడు.

"మీ బడి గోడలు మట్టివా?"

"మట్టివే. మూరెడు మందం."

"అయితే వైఫై ఊసెత్తకు. ఆ గోడ దాటేలోపు పొయ్యి పక్కన చలికాచుకుని అక్కడే నిద్రపోతుంది. తీగే లాగు. ఇంకోటి, ఆ పై రకం బోర్డు డబ్బా మీద నెట్ రెండున్నర గిగాబిట్లని పెద్దక్షరాలతో ఉంటుంది. దాని కోసం ఎక్కువ పెట్టకు. కొండ మీది స్తంభం నుంచి మీకొచ్చేది చెంబుడు నీళ్ళు. చెంబుడు నీళ్ళకి ఒంటె గొంతంత గొట్టమెందుకు? దానికి పెట్టేది పిడుగు ఆపే డబ్బాకి పెట్టు. పైకప్పు మీంచి తీగ దిగేచోట తగిలించు. ఒకాయన వద్దులే అన్నాడు. నెట్ తీగ దూరే కంతలోంచే దూరి పిడుగు బోర్డంతా మాడ్చి పోయింది."

నెట్ తీగ కొసలకి ప్లగ్గు బిళ్ళ బిగించే పని కూడా ఆమెకే అప్పజెప్పాడు. "ఊళ్ళో ఎలక కొరికితే నేను రాగలనా? నేర్చుకో." ఆయన స్టూలు మీద కూర్చుని చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని, జపం చేసినట్టు రంగులు చెబుతుంటే, ఆమె ఎనిమిది పోగుల్నీ విడదీసి వరసలో పెట్టింది. "నారింజ చార, నారింజ. పచ్చ చార, నీలం. నీలం చార, పచ్చ. గోధుమ చార, గోధుమ. నీలం, పచ్చల దగ్గర తడబడతారు అందరూ. మళ్ళీ చెప్పు." ఎంత మంచి మాస్టారు, తను ముట్టుకోకుండా ఎదుటివాళ్ళ చేత చేయిస్తాడు అనుకుందామె. తనకైతే బళ్ళో ఆ ఓపిక ఉండదు. పిల్లాడి చేతిలో సుద్దముక్క లాక్కుని తనే రాసేస్తుంది.

"ఈ పని ఎక్కడ నేర్చారు ఉస్తా?"

"పట్టు మిల్లులో. మా అమ్మ అక్కడ గూళ్ళు ఉడికే తొట్టి దగ్గర నిలబడేది. వేడినీళ్ళలో తేలే గూటికి పోగు కొస వెతికి పట్టుకోవాలి. కంటికి కనబడదది. వేలికి తెలియాలి. నాకు ఆమె వేళ్ళే వచ్చాయన్నారు. లెక్కల గదిలో యంత్రాల రిపేరుకి పెట్టారు నన్ను. గదంత యంత్రం, లోపల వెంట్రుకంత తీగలు. అందరూ భూతద్దం అడిగేవాళ్ళు. నేను కళ్ళు మూసుకుని అతికేవాణ్ణి. మిల్లు మూతపడ్డాక ఆ యంత్రాల్ని గొడ్డళ్ళతో పగలగొట్టి, ఇత్తడీ రాగీ ఏరుకుపోయారు. నేను పట్టకారు ఒకటి జేబులో వేసుకుని బయటికొచ్చా. దాంతోనే ఈ పెట్టె తెరిచా."

ఆ పట్టకారు బల్ల మీదే ఉంది. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది.

ఇక మిగిలింది ఆ బజారుకి పేరు తెచ్చిన తంతు. తొలి అడుగులు వేసే పిల్లల కాళ్ళకి నలుపూ తెలుపూ కలిపిన దారం కట్టి, పందెంలో అందరికంటే ముందు పరుగెత్తి వచ్చినవాళ్ళ చేత కోయించడం ఆ ప్రాంతంలో అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. సబిర్‌కుల్ మూడేళ్ళ కిందట దాన్ని తన కొట్లోకి తెచ్చాడు. కొత్త పెట్టెలోని తీగలకి నలుపు తెలుపు దారం కట్టిస్తాడు. కొన్నవాళ్ళు దాన్ని కత్తిరించి, ప్రాసెసర్‌ని తమ చేత్తోనే గుంటలో కూర్చోబెట్టాలి. యజమాని చెయ్యి పడిన యంత్రం నిలబడుతుందంటాడు. జనానికది తెగ నచ్చింది. ఫోటోలు దిగారు. ఏడాది తిరిగేసరికి వరసలో ప్రతి కొట్టువాడూ దారాలు తెచ్చుకున్నాడు.

దారం జీదెగులే కట్టింది. సబిర్‌కుల్ కత్తెర తీసుకోమంటే ఆమె వెనక్కి తగ్గింది.

"నేను కొయ్యను ఉస్తా. ఇది నా సొత్తు కాదు, బడిది. అయినా దారం కోసేది ముందు పరుగెత్తినవాళ్ళు కదా? పిల్లకి వాళ్ళ పరుగు రావాలని. ఈ వరసలో ముందు పరుగెత్తింది మీరే. కొయ్యాల్సిందీ పెట్టాల్సిందీ మీరే. మా పిల్లలకి మీ చెయ్యి రావాలి."

"అబ్బ! ఏం మాటన్నావమ్మా!" మామత్‌జాన్ కొట్టు వదిలేసి వచ్చేశాడు. "మూడేళ్ళుగా తప్పు చేస్తున్నాం మనమంతా. టీచరు కాబట్టి పట్టుకుంది. పెట్టండి ఉస్తా!"

"కళ్ళజోడు మసగ్గా ఉంది," అన్నాడు సబిర్‌కుల్.

"ఇటివ్వండి, తుడుస్తా."

"ముందు టీ తాగుదాం."

"టీ ఎక్కడికి పోతుంది? అందరూ చూస్తున్నారు, రండి!"

అటూ ఇటూ కొట్లవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు దీవెనకి అరచేతులు పైకెత్తారు కూడా. ఎత్తిన చేతుల ముందు కాదంటే అపచారం. సబిర్‌కుల్ కత్తెర అందుకున్నాడు. దారం మూడోసారికి తెగింది. ప్రాసెసర్‌ని అంచులతో పట్టుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టుని బిగించి, గుంట మీదికి తెచ్చాడు. ఒక్క క్షణం ఆ చెయ్యి రాయిలా నిలిచింది. జీదెగుల్‌కి ఆ ముఖం ఎప్పటికీ గుర్తుంటుంది. వేడినీళ్ళలో పోగు కొస వెతుకుతున్నవాడి ముఖం.

అంతలో టిక్కుమని చిన్న చప్పుడు. గిన్నెకి చెంచా తగిలినంత. ఆయన గబుక్కున మూత దించి మీట నొక్కేశాడు. అందరూ మంచి జరగాలని దీవించి, దీవెన ముగింపుగా చేతులతో ముఖం తడుముకుని, ఎవరి కొట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

కరెంటు ఇచ్చారు. గాలిమర తిరిగింది. తెర నల్లగానే ఉంది. బోర్డు మూల చిన్న ఎర్రదీపం వెలిగి, ఆరకుండా ఉండిపోయింది.

"తలుపు దగ్గరికి వెయ్యి," అన్నాడు సబిర్‌కుల్.

గాలిమర విప్పి, మూత ఎత్తి, ప్రాసెసర్ పైకి తీసి భూతద్దంలో చూసింది జీదెగుల్. గుంటలో పదిహేడు వందల బంగారు కాళ్ళు, ఒక్కోటి చీమ కాలంత, వరిమడిలా ఒకే వాలులో ఉన్నాయి. ఒక మూల మాత్రం గొడ్డు పడి పొర్లినట్టుంది.

"ఎన్ని వంగాయి?"

"పదకొండు... కాదు, పన్నెండు."

"సూది తీసుకో. నేను చెబుతా. కింది నుంచి ఎత్తు, పక్కకి నెట్టకు. ఊపిరి బిగబట్టు." గంటసేపు ఆయన చెప్పాడు, ఆమె ఎత్తింది. తొమ్మిది లేచాయి. పదోది విరిగి సూది మొనకి అంటుకుని వచ్చింది. ఆమె సూదిని వెలుగులోకి ఎత్తి చూసింది.

"పోయిందా?"

"పోయింది ఉస్తా. నేనే..."

"నువ్వు కాదు." ఆయన చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. చంకల్లోంచి, జేబుల్లోంచి, గుండె మీంచి తీసి మొదటిసారి అలా పరిచాడు. కుడి చెయ్యి బల్ల మీద ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటోంది. "చూశావుగా. మూడేళ్ళు. ముందు బొటనవేలు, తర్వాత ఇది. డాక్టరు మాత్రలిచ్చాడు. వెనక్కి మాత్రం రాదన్నాడు. ఇంకా పెరుగుతుందట."

సగం గిన్నె, గుండె మీద అరచెయ్యి, గడ్డంతో చూపించడం, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళ ముందు తిరిగాయి. "ఆ దారం?" అంది.

"దారమూ అంతే. ఏదో ఒకటి చెప్పాలిగా. మా ఆవిడకి తెలుసు. పొద్దున్నే గుండీలు పెడుతుంది, ఆ మాటెత్తదు. నేనూ ఎత్తను. ఇంకెవరికీ తెలీదు. తెలిస్తే ఈ వరసలో నేనెవర్ని? స్టూలు మీద కూర్చుని రంగులు చెప్పేవాణ్ణి." టీ కెటిల్ వైపు చూశాడు. "పొయ్యి. నిండా పొయ్యి. ఒలికితే ఒలుకుతుంది."

ఆమె నిండా పోసింది. ఆయన రెండు చేతులా ఎత్తి నోటిదాకా తెచ్చేసరికి గిన్నెలో సగమే మిగిలింది. కోటు తడిసింది. తుడవబోతే వద్దన్నాడు.

మూడు కావస్తోంది. జీదెగుల్ బల్ల మీది తీగని చుట్ట చుట్టసాగింది. ఊళ్ళో ఏడుగురికి ఏం చెప్పాలో తెలియలేదు.

"వరస చివర ఉలుక్‌బెక్ కొట్టుంది," అన్నాడు సబిర్‌కుల్ చివరికి. "నా దగ్గరే నేర్చుకున్నాడు. ఇదే బోర్డు వాడి దగ్గరొకటి ఉంది, పొద్దున చూశా. పెట్టె పట్టుకుని ఇప్పుడే వెళ్ళు. బోర్డు ఖరీదు నాది, నేను చూసుకుంటా. వాడు గంటలో బిగించేస్తాడు."

"సరే ఉస్తా."

"ఆగు. వాడు దారం తీస్తాడు. ప్రాసెసర్ నీ చేతికిస్తాడు. పుచ్చుకోకు."

"జాగ్రత్తగా పెడతాను ఉస్తా. ఇప్పుడు తెలిసింది కదా."

"నీ చెయ్యి చూసుకో ఒకసారి."

చూసుకుంది. గంటసేపు సూది పట్టిన వేళ్ళు సన్నగా అదురుతున్నాయి.

"వాడి దగ్గరున్నది తప్ప ఇలాంటి బోర్డు ఈ బజార్లో ఇంకోటి లేదు," అన్నాడు. "అలాంటి ఆచారం ఎక్కడా లేదని చెప్పు వాడితో. సబిర్‌కుల్ కల్పించాడని చెప్పు. పని తెలిసినవాడి చెయ్యే పెట్టాలని నేను చెప్పమన్నానని అను. ఎందుకు కల్పించాడని వాడు అడగడు. వాడికి అర్థమవుతుంది. మామత్‌జాన్ అడుగుతాడు, వాడికి నా చేతి సంగతి చెప్పు. కాస్త గట్టిగా చెప్పమ్మా, వరసంతా వినబడేలా. నాకు నోరు రాదు."