డెక్క లావెక్కని ఎండ్రకాయ

కప్పగల్లు కాలువలో ఎండ్రకాయలు పట్టే తాయప్ప, బొక్కలోంచి లాగినదాన్ని ముందు వెల్లకిలా తిప్పి చూస్తాడు. కడుపు మీది పట్టీ వెడల్పుగా ఉంటే ఆడది, వదిలేస్తాడు. మగదైతే ముందరి డెక్కలు రెండూ చూస్తాడు. ఒక డెక్క బాగా లావెక్కితేనే అది జతకట్టే ఈడుకొచ్చినట్టు. రెండూ సమానంగా ఉంటే అదీ నీళ్లలోకే. దొరికినవన్నీ బుట్టలో వేసుకునే ఉచ్చెంగెప్ప నవ్వుతాడు.

"మగదాన్ని ఏంటికప్పా వదుల్తాండావు? అదేమన్నా గుడ్లు పెడతాదా?"

"అది లేకుంటే ఆడది మాత్రం యాడ పెడతాది?" అంటాడు తాయప్ప.

ఆ ఏడు వానల్లేక కాలువ అడుగంటింది. పది రోజులుగా దగ్గుతో మంచం దిగని భార్య కెంచమ్మ, ఎండ్రకాయ చారు కావాలంది. పొద్దున్నించి వెతికితే మధ్యాహ్నానికి ఒక్కటి చిక్కింది. మగది, డెక్కలు రెండూ సమానం. తాయప్ప దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. వదల్లేక ఇంటికి తెచ్చి, చట్టిలో వేసి ఆమె పక్కన పెట్టి మొహం తిప్పుకున్నాడు.

కెంచమ్మ దాన్ని తిప్పి చూసింది. "ఇది ఇంకా పిల్లోడే గదా! పోయి వదిలిపెట్టి రా."

"మరి నీకు?"

"మిరియాల చారు కాచియ్యి, తాగుతా."

తాయప్ప మళ్లీ ఎండలో కాలువకు నడిచాడు. అది బురదలోకి దూరేదాకా చూసి, గబగబా ఇంటికొచ్చి మిరియాలు నూరాడు.

కెంచమ్మ ఒక గుక్క తాగి, "ఏం కారమప్పా ఇది!" అని నవ్వింది. మంచమెక్కినాక ఆమె నవ్వడం అదే మొదలు.