మావయ్యగారిని గెలిపించబోయాను

గెలవడానికి మోసం చేసి పట్టుబడ్డవాళ్ళని మీరు చూసే ఉంటారు. ఓడిపోవడానికి మోసం చేసి పట్టుబడి, అత్తవారింట్లో పరువు పోగొట్టుకున్న మనిషిని చూడాలంటే మాత్రం ఏలూరు రావాలి. మా ఇంటికే రావాలి. వస్తే కాఫీ ఇచ్చి మరీ కనబడతాను.

పెళ్ళయిన కొత్తలో తాడేపల్లిగూడెంలోని అత్తవారింటికి వెళ్ళాను. మావయ్యగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం పొద్దున్నే వరండాలో క్యారమ్ బోర్డు వేసి, పసిపిల్లకి స్నానం చేయించి అద్దినంత శ్రద్ధగా దానికి పౌడరు అద్దారు.

"అల్లుడుగారూ, ఆడతారా?"

నేను ఊరుకోవచ్చుగా! "కాలేజీలో ఛాంపియన్‌నండీ," అన్నాను. ఆ కాలేజీలో క్యారమ్స్ ఆడేవాళ్ళం మొత్తం నలుగురమేనన్న సంగతి చెప్పలేదు.

అది విన్న అత్తయ్యగారు వంటింట్లో కొరమీను పులుసు వదిలేసి వచ్చి, నన్ను గుమ్మం చాటుకి పిలిచారు.

"బాబూ, ఆయన ఓడిపోతే రోజంతా ఎవరితోనూ మాట్లాడరండీ. కిందటిసారి పెద్దల్లుడుగారు గెలిచారు. ఇప్పటికీ ఆయనతో ఫోనులో పొడిపొడిగానే మాట్లాడతారు. మీరు కాస్త చూసి ఆడండి."

ఓహో, ఓడిపోవాలన్నమాట. అదెంత పని!

అనుకోకుండా ఓడిపోవడం ఎవరికైనా వస్తుంది. పనిగట్టుకుని ఓడిపోవడం ఉంది చూశారూ, అది మహా కష్టం. నేను గురి తప్పించి కొట్టిన స్ట్రైకరు నాలుగు పక్కలా తిరిగొచ్చి, రెండేసి కాయిన్లని పాకెట్లో పడేసేది. వరండా మెట్టుమీద కూర్చున్న పక్కింటి వెంకట్రాజుగారు పేపరు పక్కన పడేసి, "అబ్బో! ఏం దెబ్బండీ!" అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా మావయ్యగారి ముఖం కొల్లేటి మీద మబ్బు పట్టినట్టు నల్లబడేది.

చివరికి నాదొక నల్ల కాయిన్, ఆయనదొక తెల్ల కాయిన్ మిగిలాయి. నాది పాకెట్ అంచున, ఊదితే పడేలా ఉంది. ఆయనది బోర్డు మధ్యలో ఉంది. ఆయన మజ్జిగ గ్లాసు అందుకోవడానికి అటు తిరిగారు. నేను పౌడరు సర్దుతున్నట్టు చెయ్యి చాపి, చిటికెనవేలితో ఆ తెల్ల కాయిన్‌ని మెల్లగా పాకెట్ దగ్గరికి జరిపాను.

"అల్లుడుగారు చెయ్యి పెట్టారండోయ్!" అని అరిచారు వెంకట్రాజుగారు.

అత్తయ్యగారు, మా ఆవిడ పరుగున బయటికొచ్చారు.

"ఎవరి కాయిన్ జరిపారండీ?" అని అడిగారు మావయ్యగారు.

వెంకట్రాజుగారు బోర్డుకేసి చూసి, తల గోక్కుని, "మీదేనండీ. మీరు గెలిచేలాగ," అన్నారు.

మావయ్యగారు గ్లాసు కింద పెట్టారు. "నన్ను మోసం చేసి మీరు గెలిచినా ఇంత బాధపడేవాణ్ణి కాదండీ. గెలుపు దానం పుచ్చుకునే స్థితికి నేనింకా రాలేదండీ." ఆ 'అండీ' ఒక్కోటీ ఒక్కో మొట్టికాయలా తగిలింది.

"ఏవండీ, ఇదేం పనండీ?" అంది మా ఆవిడ. అసలు సంగతి చెప్పేద్దామా అంటే, అత్తయ్యగారు ఆవిడ వెనకనుంచి చెప్పొద్దని దణ్ణాలు పెడుతున్నారు.

"తప్పయిపోయిందండీ, మావయ్యగారూ."

"అయితే మళ్ళీ మొదటినుంచి వేద్దాం. ఈసారి నిజంగా ఆడండి."

ఆడాను. చొక్కా చేతులు మడిచి, ఊపిరి బిగబట్టి, ప్రాణం పెట్టి ఆడాను. కోపమొస్తే ఆయన గురి ఇంకా కుదురుతుందని నాకెవరూ చెప్పలేదు. తెల్ల కాయిన్లన్నీ బడిగంట విన్న పిల్లల్లా పాకెట్లలోకి పరుగెత్తాయి. రెడ్డు కూడా ఆయనకే పోయింది. నావి తొమ్మిదికి తొమ్మిదీ బోర్డు మీదే కూర్చున్నాయి.

చెమట తుడుచుకుని, "మీరే గెలిచారండీ," అన్నాను.

మావయ్యగారు నావంక తేరిపార చూశారు. "మళ్ళీ కావాలనే ఓడిపోయారు కదండీ?"

"లేదండీ! ఒట్టండీ! నిజంగానే ఆడానండీ!"

"ఊరుకోండి. కావాలని కాకపోతే, మనిషన్నవాడు ఇంత దరిద్రంగా ఆడగలడాండీ?"

అందుకని ఆ వరండాలోనే, వెంకట్రాజుగారి సాక్షిగా శపథం పట్టాను. ఇక ఈ జన్మలో ఎవరినీ గెలిపించను; ఓడిపోతే నా సొంత చేతకానితనంతోనే ఓడిపోతాను. ఏళ్ళు గడిచాయి, ఒక్కసారి కూడా మాట తప్పలేదు. మావయ్యగారు మాత్రం ఇప్పటికీ నమ్మడం లేదు.