పెరట్లో దొరికిన పొత్రం

ఉతకడానికి తీసిన పాప గౌను జేబులోంచి తడిమట్టి వాసన వచ్చింది. చెయ్యి పెడితే మూడు కంకర రాళ్లు, ఒక పెంకు ముక్క. తెనాలిలో మా అపార్టుమెంటు కింద మొక్కలకని వదిలిన జానెడు నేలను చెంచాతో తవ్విందట. మట్టిలో ఏ పురుగుందో, ఏ గాజుముక్క గుచ్చుకునేదోనని కేకలేసి, చేతులు రెండుసార్లు కడిగించాను. "ఈ రాళ్లు ఎవరు పెట్టారమ్మా?" అని అడిగింది. తెలీదన్నాను. అలా అడగడం నాకు నేర్పింది మా తాతయ్య.

తాతయ్య రేపల్లెలో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. వేసవి సెలవులంతా నేనక్కడే. డాబా మీద ఎండుతున్న మాగాయ ముక్కల ఘాటు, మోచేతుల దాకా కారే తాటిముంజల నీళ్లు, మధ్యాహ్నం వాలుకుర్చీలో పొడుం పీల్చి తాతయ్య తుమ్మే తుమ్ములు, వీటన్నిటి మధ్య ఎండకు నెర్రెలిచ్చిన నల్లమట్టి మీద చెంబుతో నీళ్లు పోసి, విరిగిన అట్లకాడలతో పెరడంతా తవ్వేవాళ్లం, నేనూ సునందా. సునంద మా ఇంట్లో అంట్లు తోమే కోటమ్మ కూతురు.

"మన ఒండ్రునేలలో రాయి పుట్టదర్రా," అనేవారు తాతయ్య. "దొరికిందంటే ఎవరో మోసుకొచ్చిందే. ఎవరో చెప్పండి చూద్దాం."

సాయంత్రం అరుగు మీద రాళ్లు వరసగా పేర్చేవాళ్లం. నీలం కంకర రైలుకట్ట నుంచి, ఎర్రముక్క ప్రహరీ ఇటుక నుంచి, నున్నటి గులకరాయి పెనుమూడి రేవు నుంచి బండిలో తోలించిన ఇసుకలోంచి. సరిగ్గా చెబితే నిమ్మతొన బిళ్ల ఇచ్చేవారు. సునంద ప్రతి రాయినీ నాలిక మీద పెట్టుకుని మరీ నాకంటే ముందు చెప్పేసేది. "మేష్టారి మనవరాలివి, నీకేం తెలీదేంటే?" అని ఎక్కిరించేది.

ఒకరోజు గోడవార జామచెట్టు కింద, మోకాలిలోతున, నల్లటి గుండ్రాయి దొరికింది. మూరకు కాస్త తక్కువ పొడుగు, ఒక కొస విరిగి ఉంది. సునంద దాన్ని పావడాతో తుడిచింది.

"ఒసేయ్, ఇది మా నానమ్మ పొత్రమే! మా ఇంట్లో సన్నికల్లు ఉంది, పొత్రం లేదు. ఉత్త గులకరాయితో నూరుద్ది."

"మీది ఇక్కడికెలా వచ్చిందే?"

"మా గుడిసె ఇక్కడే ఉండేదంట. గాలివానకి పడిపోతే బడిలో తలదాచుకున్నారంట. తిరిగొచ్చేసరికి మీ తాతయ్య గోడ కట్టేశారంట."

కోపంగా చెప్పలేదు. తాతయ్య అడిగే ప్రశ్నకు జవాబు చెప్పినట్టే చెప్పింది. ఇంత పెద్ద జవాబుకు రెండు బిళ్లలైనా రావాలనుకుని, సాయంత్రం తాతయ్య ముందు అంతా నేనే గడగడా అప్పజెప్పాను.

తాతయ్య పొడుండబ్బీ మూత పెట్టారు. పెరట్లో కోటమ్మ గిన్నెల చప్పుడు ఆగింది.

"పొత్రం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఇది మనదే. చెప్పమ్మా, ఎవరిది?"

ఆయన వేళ్ల మధ్య నిమ్మతొన ఉంది. సునంద నావైపే చూస్తోంది.

"మనదే తాతయ్యా," అన్నాను.

బిళ్ల నా చేతిలో పడింది. తినేశాను కూడా. కోటమ్మ తడిచేతులతో వచ్చి సునంద వీపు మీద ఒక్కటేసి, "దీనికి నోరెక్కువండి, ఏమనుకోకండి," అంటూ లాక్కెళ్లింది. మర్నాటి నుంచి సునంద రాలేదు. కోటమ్మ వచ్చేది. పొత్రాన్ని హాలు తలుపుకి అడ్డం పెట్టించారు తాతయ్య. రోజూ ఆవిడ దాన్ని ఎత్తి, కింద ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టేది. నేను కొన్నాళ్లు ఒక్కదాన్నే తవ్వి, మానేశాను.

తాతయ్య పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. మా ఈ ఫ్లాటు అలా వచ్చిందే. అక్కడిప్పుడు జామచెట్టు లేదు, అరుగు లేదు, పెరడంతా సిమెంటు చేసి కార్లు పెడుతున్నారు. గునపం దిగే చోటు అంగుళం లేదు. పొత్రం పాత గోడల మట్టితో పాటు ట్రాక్టరెక్కి, ఎవరి పల్లం పూడ్చడానికి పోయిందో.

పోయిన నెల రేపల్లె బస్టాండులో పాపతో నిలబడి ఉంటే సునందే నన్ను గుర్తుపట్టింది. బాపట్లలో నర్సుగా చేస్తోందట. ఆ పొత్రం మీదేనని చెప్పాలని ఎన్నేళ్లుగానో అనుకున్నదాన్ని, ముందు వాళ్ల నానమ్మ ఎలా ఉందని అడిగాను.

"పోయి నాలుగేళ్లయిందండి," అంది.

ఆ తర్వాత నేను బస్సుల గురించి మాట్లాడాను. నా సంచి బస్సులోకి అందించి, పాప తల నిమిరి, సునంద వెళ్లిపోయింది.

"ఎవరమ్మా ఆవిడ?" అంది పాప.

"మా ఇంట్లో పనిచేసినామె కూతురు," అన్నాను.